ఎడమ చేతులు

పోయిన వారం చిన్న టీచర్‌ని మనం స్టాఫ్ రూమ్‌లో, ఒక కాగితం ముందు, మూత తీసిన కలంతో వదిలి వచ్చాం. ఆ కలం ఇంకా కాగితాన్ని తాకలేదు.

ఆ కాగితం డాక్టర్ అడిగినది. గురువారం పట్టపగలు, నాలుగో తరగతి పాప ఒకతె గుమ్మం అనుకుని గోడలోకి నడిచి నుదురు చిట్లగొట్టుకుంది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఎప్పుడూ గలగలా మాట్లాడుతూ ఉంటుందని చిన్న టీచర్ ఆమెకి పిచ్చుక అని పేరు పెట్టుకుంది. కట్టు కట్టించడానికి ఆసుపత్రికి తీసుకెళితే నుదుటి సంగతి పక్కకి పోయి, పాపకి చూపు సరిగా లేదన్న సంగతి బయటపడింది. పాపని అక్కడే ఉంచేశారు. కంటి వెనక తీసిన ఫొటోలో ఏదో నీడ ఉంది. అది నాలుగు రోజుల్లో వచ్చిన వాపు కావచ్చు, నెలల తరబడి పెరుగుతున్న గడ్డ కావచ్చు. వాపయితే మందులిచ్చి రెండు వారాలు చూస్తారు. గడ్డయితే ఒక్క రోజు కూడా ఆగకూడదు.

"ఫొటో ఒక్కటే చూసి తేల్చలేకపోతున్నాను. పాపని అడిగితే బాగానే కనబడుతోంది అంటోంది. బోర్డు చూసి చదవడం ఎప్పుడు మానేసిందో బడివాళ్ళు రాసి పంపండి" అని కబురు చేశాడు డాక్టర్.

పెద్ద టీచర్ రాసి పెట్టింది. ఆవిడ చేతిరాత అచ్చు వేసినట్టుంటుంది. "గురువారం వరకూ పాప ప్రతి పాఠంలోనూ, బోర్డు మీది ప్రతి ప్రశ్నకీ చెయ్యి ఎత్తింది. చూపులో లోపం ఉన్నట్టు మాకు ఎన్నడూ కనబడలేదు." కింద తన సంతకం. పక్కన ఖాళీ. ఆ ఖాళీ పాఠం చెప్పిన మనిషి సంతకానికి.

పాఠం చెప్పింది చిన్న టీచర్.

బయట వరండాలో, పిల్లల చెప్పుల అరల పక్కన ఉన్న పొట్టి బెంచీ మీద పిచ్చుక తల్లి కూర్చుని ఉంది. ఆ కాగితం పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాలి. లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పని ఆవిడది. గంటసేపు పర్మిషన్ అడిగి వచ్చింది, ఆప్రాన్ కూడా విప్పకుండా.

"ఏమిటాలోచన? నీ పేరు మర్చిపోయావా?" అంది పెద్ద టీచర్. కోపంగా కాదు. ఆవిడ వేళాకోళం ఎప్పుడూ అంత పొడిగానే ఉంటుంది.

"ఒక్క ఐదు నిమిషాలు మేడమ్" అని చిన్న టీచర్ కలానికి మూత పెట్టి, పక్కనున్న సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఇక్కడ మనం చుక్కల సంగతి చెప్పుకోవాలి. అది తెలియకపోతే చిన్న టీచర్ గుండెలో ఏం జరుగుతోందో తెలియదు.

ఈ బడిలో శిక్షణకి వచ్చిన వాళ్ళని పరీక్షించే పద్ధతి ఒకటుంది. పెద్ద టీచర్ తరగతి వెనక కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఒడిలో ఒక పట్టిక. అందులో పిల్లల పేర్లు. టీచర్ ప్రశ్న అడిగినప్పుడల్లా ఏ పిల్ల చెయ్యి లేచిందో, ఆ పేరు ఎదురుగా ఒక చుక్క పెడుతుంది. సాయంత్రం చుక్కలు లెక్కేసి, "ఇవాళ నీ తరగతిలో పదకొండుమంది నిద్రపోయారు" అని పట్టిక చేతికిస్తుంది. ఎనిమిది వారాల చివర ఆ చుక్కలే పట్టా ఇప్పిస్తాయి, ఆ చుక్కలే ఇంటికి పంపేస్తాయి. హాస్టల్లో శిక్షణ పిల్లలందరూ ఆవిడని చుక్కలావిడ అని పిలుచుకునేవారు.

మొదటి వారం చిన్న టీచర్‌కి చుక్కలు పెద్దగా పడలేదు. ఈ దేశపు భాష నేర్చుకుని వచ్చింది కాని, ఆ భాషలో ఆమె యాస పిల్లలకి వింతగా ఉండేది. ప్రశ్న అడిగితే ముఖముఖాలు చూసుకునేవాళ్ళు. ముప్పై ఇద్దరిలో నలుగురు చేతులెత్తితే గొప్ప. ఆ నలుగురిలో మొదటి చెయ్యి ఎప్పుడూ పిచ్చుకదే. మోచెయ్యి పక్కవాళ్ళకి తగిలేలా, సీట్లోంచి లేచిపోయేలా ఎత్తేది.

రెండో వారం మొదట్లో చిన్న టీచర్ పిల్లలతో ఒక ఆట పెట్టింది. "నేను ప్రశ్న అడిగితే అందరూ చెయ్యెత్తాలి. జవాబు తెలిసినవాళ్ళు కుడి చెయ్యి, తెలియనివాళ్ళు ఎడమ చెయ్యి. నేను కుడి చేతుల వాళ్ళనే అడుగుతాను. ఇది మన రహస్యం." పిల్లలకి రహస్యమంటే ప్రాణం కదా. మర్నాటినుంచి ముప్పై రెండు చేతులూ లేచాయి. పెద్ద టీచర్ పట్టికలో చుక్కలు వానలా కురిశాయి.

ఈ చిట్కా ఆమెకి నేర్పింది అత్తయ్య. నాన్న చెల్లెలు. ఊళ్ళో బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు సామాన్ల గదిలో, చుట్టచుట్టిన పటాల మధ్య నిలబడి చిన్న టీచర్ ఫోన్ చేసింది ఆవిడకే. అక్కడ ఇంకా తెల్లారుతోంది.

"ఏమే, ఇంత పొద్దున్నే? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది అత్తయ్యా. నువ్వు చెప్పిన చేతుల చిట్కా..."

"పనిచేసిందా! నేను చెప్పలా? ఎందరు ఇన్‌స్పెక్టర్లని దాంతో ఏమార్చానో. ఒకాయనైతే సంతోషం పట్టలేక పిల్లలకి బిస్కెట్లు పంచి మరీ వెళ్ళాడు."

"రోజూ వాడాను అత్తయ్యా."

"రోజూ అంటే?"

"ఏడు వారాలు. ఇక్కడ ఇన్‌స్పెక్షన్ ఒకనాడు కాదు. రోజూ వెనక కూర్చునే ఉంటారు."

అవతల స్టవ్ ఆర్పిన చప్పుడు వినిపించింది. "ఓసి నీ తెలివి తెల్లారా! అది ఒక్క పూటకే తల్లీ. ఆయన జీపెక్కగానే నేను చేసే మొదటి పని ఎడమ చేతుల వాళ్ళందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకోవడం. ఆ మాట నీకు చెప్పలేదా?"

చెప్పింది. చిన్న టీచర్‌కి బాగా గుర్తుంది. మొదటి నాలుగు రోజులు ఆమె కూడా అలాగే చేసింది. బడి వదిలాక ఎడమ చేతుల వాళ్ళని ఆపి మళ్ళీ చెప్పింది. ఐదో రోజు పాఠ ప్రణాళిక రాసుకోవడం మిగిలిపోయింది. ఆరో రోజు తలనొప్పి. తరవాత పిల్లలే ఆగడం మానేశారు, ఆమె పిలవడం మానేసింది.

జరిగిందంతా అత్తయ్యకి చెప్పింది. మూడో వారం సోమవారం. బోర్డు మీద నదుల పటం గీసి, పేర్లు చిన్న అక్షరాలతో రాసిన రోజు. ఆ రోజే పిచ్చుక మొదటిసారి ఎడమ చెయ్యి ఎత్తింది. చూసి చిన్న టీచర్ ఆశ్చర్యపోయింది. ఒంట్లో బాగాలేదేమో, అడిగి అందరిలో చిన్నబుచ్చడం దేనికి అని ఊరుకుంది. మర్నాడూ ఎడమ చెయ్యే. ఆ వారం ఒకటి రెండు రోజులు తప్ప, తరవాత రోజూ ఎడమ చెయ్యే. నోటుపుస్తకంలో పక్కపిల్ల తప్పులన్నీ అవే తప్పులుగా దిగడం మొదలైంది. కాపీ కొడుతోందని తెలిసి కూడా, "పోనీలే, చిన్నపిల్ల" అనుకుంది. జాలి అనుకుంది దాన్ని.

"ఇప్పుడేం చెయ్యను అత్తయ్యా? సంతకం పెట్టకపోతే ఎందుకు పెట్టవంటారు. చెబితే నా పట్టా పోతుంది. మోసం చేసినట్టు రాసి పంపిస్తే మన ఊళ్ళో కూడా ఎవరూ నన్ను బడిలోకి రానివ్వరు. నేను చెప్పకపోయినా డాక్టర్లే కనుక్కుంటారు కదా? కనుక్కోరా?"

అత్తయ్య కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది.

"ఆ పిల్ల తల్లి ఎక్కడుంది?"

"ఇక్కడే. బయట బెంచీ మీద."

"మరి నాతో ఎందుకే మాట్లాడుతున్నావు?" అని అత్తయ్య ఫోన్ పెట్టేసింది.

చిన్న టీచర్ కాసేపు ఆ చీకటిగదిలోనే నిలబడిపోయింది. చిన్నప్పటినుంచీ అలవాటుగా చెప్పుకునే దండకం పెదాల మీదికి వచ్చి సగంలో ఆగింది. దేవుడు అన్నీ చూస్తూ ఉంటాడంటారు. ఆ చేతిని ఆయనా రోజూ చూసే ఉంటాడు. నాకు కనబడనప్పుడు ఇంకెవరికైనా చూపించి ఉండకూడదా స్వామీ, అని అడిగింది. అడిగీ అడగకముందే సిగ్గేసింది. చూపించాడు. తనకే చూపించాడు. ఆరు వారాలు, రోజూ, మూడో బల్ల మీదినుంచి.

ఆమె తిరిగి వచ్చేసరికి పెద్ద టీచర్ కాగితాన్ని కవర్లో పెట్టడానికి సిద్ధంగా ఉంది.

"మేడమ్, ఇందులో రాసింది నిజం కాదు."

"ఏమిటీ?"

"పాప గురువారం దాకా చెయ్యెత్తింది. కాని జవాబు తెలిసి కాదు. తెలియనివాళ్ళు ఎడమ చెయ్యి ఎత్తాలని నేనే చెప్పాను. మీరు వెనకనుంచి చూస్తే అందరూ ఎత్తినట్టు ఉండాలని. పాప మూడో వారం సోమవారం నుంచి ఎడమ చెయ్యే ఎత్తుతోంది. బోర్డు అప్పటినుంచే కనబడటం లేదేమో మేడమ్."

పెద్ద టీచర్ అర్థం కానట్టు చూసింది. తరవాత నెమ్మదిగా సొరుగు లాగి, వారాల వారీగా కుట్టిపెట్టిన పట్టికలు బయటికి తీసింది. మూడో వారం. నాలుగో వారం. పిచ్చుక పేరు ఎదురుగా వేలు పెట్టి, ఒక్కొక్క చుక్క మీదా ఆపుతూ పోయింది. ఒక్క గడి కూడా ఖాళీ లేదు.

"ఏ చెయ్యో నేను చూడలేదు" అంది చివరికి. "చెయ్యి లేచిందా లేదా అనే చూశాను. ముప్పై ఏళ్ళుగా అదే చూస్తున్నాను."

"తప్పు నాది మేడమ్."

"నీదే. కాదనడం లేదు. నీ సంగతి సోమవారం పైవాళ్ళు చూస్తారు, నేనే రాసి పంపుతాను. దాచను." ఆవిడ గొంతు గట్టిగానే ఉంది, కాని వేళ్ళు పట్టిక అంచుని నలిపేస్తున్నాయి. "నీకన్నా ముందు వచ్చినవాళ్ళు కూడా ఇలాగే చేశారా?"

"నాకు తెలియదు మేడమ్."

"ఆ మొదటి వారం నలుగురే ఎత్తారని నీ మీద విసుక్కున్నాను. ఆ నలుగురూ నిజంగా ఎత్తారు కదూ?"

చిన్న టీచర్ తలూపింది. పెద్ద టీచర్ తాను రాసిన కాగితాన్ని నిలువునా చింపి, ముక్కలు చెత్తబుట్టలో వెయ్యకుండా జేబులో పెట్టుకుంది.

"ఆవిడకి నేను చెప్పనా, నువ్వు చెబుతావా?"

"నేనే చెబుతాను."

తల్లి వాళ్ళని చూసి లేచి నిలబడింది. కాగితం కోసం చెయ్యి చాచింది. చేతి వెనక ఇస్త్రీ సెగ తగిలి కమిలిన మచ్చలు.

"అయిందా టీచరమ్మా? నాలుగింటికల్లా ఇమ్మన్నారు. బస్సు దొరుకుతుందో లేదో."

చిన్న టీచర్ చెప్పింది. పెద్ద టీచర్‌కి చెప్పినంత సాఫీగా రాలేదు. రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లు ఆగింది. పరాయి భాష నోటికి అడ్డం పడింది. తల్లి మొదట నవ్వుముఖంతోనే వింది. ఏదో పిల్లల ఆట సంగతి చెబుతున్నారనుకుంది. కుడి, ఎడమ అంటుంటే తలూపింది కూడా. "మూడో వారం నుంచి" అన్న దగ్గర తల ఊపడం ఆగిపోయింది.

"ఒక్క నిమిషం ఆగండి." ఆప్రాన్ జేబులోంచి నాలుగు మడతలు వేసిన చిన్న చీటీ తీసింది. ప్రతి శుక్రవారం చిన్న టీచర్ ఒక్కొక్క పిల్ల ఇంటికీ రాసి పంపే చీటీ. "ఇది మీరు రాసిందే కదా?"

'మీ పాప ఎంతో చురుగ్గా ఉంది. ప్రతి ప్రశ్నకీ చెయ్యెత్తుతోంది. సంతోషం.' తన చేతిరాతే. ఒక్కొక్కళ్ళకి ఒక్కో మాట వెతికి రాసే ఓపిక లేక, ఆ వారం సగంమందికి అదే మాట రాసిన సంగతి చిన్న టీచర్‌కి గుర్తొచ్చింది.

"నేనే రాశాను."

"నాలుగు వారాల కింద వచ్చింది ఇది. అప్పటికే నాకు అనుమానంగా ఉంది. గ్లాసులో నీళ్ళు పోస్తే సగం బల్ల మీద పోసేది. మెట్లు దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకునేది, ఎన్నడూ పట్టుకోనిది. కళ్ళ డాక్టర్ దగ్గర పేరు రాయించాను. శనివారం వెళ్ళాలి. శుక్రవారం ఈ చీటీ వచ్చింది." ఆవిడ చీటీని తిప్పి వెనకవైపు చూసింది, అక్కడ కూడా ఏదైనా రాసి ఉందేమోనన్నట్టు. "బోర్డు కనబడకపోతే చెయ్యెలా ఎత్తుతుంది అనుకున్నాను. బడిలో బాగున్న పిల్ల ఇంట్లో నాటకాలాడుతోందని కోప్పడ్డాను. శనివారం వెళ్ళలేదు. పనిలోకి పోయాను."

"నన్ను క్షమించండి అని కూడా..."

"నా మాట పూర్తి కానివ్వు!" వరండా చివర్న నడుస్తున్న పిల్లలు ఆగి చూశారు. తల్లి గొంతు దించింది. "నీళ్ళు ఒలకబోసిందని ఒకసారి కొట్టాను కూడా. నా కళ్ళని నమ్మకుండా నీ కాగితాన్ని నమ్మాను. ఎందుకో తెలుసా? నేను చదువుకోలేదు. నువ్వు చదువుకున్నదానివి. అంత దూరంనుంచి వచ్చి పిల్లలకి చదువు చెబుతున్నావంటే మంచిదానివే అయి ఉంటావనుకున్నాను."

తిట్టి ఉంటే చిన్న టీచర్ ఏడ్చి ఉండేది. ఇది తిట్టు కాదు.

"నా పిల్ల ఎందుకు చెప్పలేదు మీకు? నాకైనా ఎందుకు చెప్పలేదు, కనబడటం లేదని?" తల్లి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"రహస్యమని చెప్పాను కదండీ" అంది చిన్న టీచర్. "ఎడమ చెయ్యి ఎత్తితే ఎవరూ ఏమీ అడగరని చెప్పాను. నేనూ ఏమీ అడగలేదు."

తల్లి బెంచీ మీద కూలబడింది. పిల్లల కొలతకి చేసిన బెంచీ కావడంతో మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. అలా కూర్చుని చేతుల్లో ముఖం దాచుకుంది. ఏడుపు వినిపించలేదు. ఆప్రాన్ మీది బొత్తాం ఒకటి అరలకి తగిలి టకటక కొట్టుకుంటూ ఉండిపోయింది.

పెద్ద టీచర్ వంగి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. "అమ్మా, కాగితాలు తరవాత రాసుకుందాం. ముందు డాక్టర్‌కి ఫోన్ చేద్దాం. నంబరుందా మీ దగ్గర?"

ఉంది. అరచేతి మీద రాసుకుని వచ్చింది. చెమటకి ఒక అంకె చెదిరిపోయింది. అది మూడా ఎనిమిదా అని ముగ్గురూ ఆ అరచేతి మీదికి వంగి చూశారు. రెండోసారికి ఫోన్ కలిసింది. తల్లి రెండు మాటలు చెప్పి, ఫోన్ చిన్న టీచర్‌కి అందించింది. "చూసిన మనిషే మాట్లాడాలట."

"చెప్పండి" అన్నాడు డాక్టర్. గొంతులో తొందర. "పాప బోర్డు చదవడం ఎప్పుడు మానేసింది?"

"మూడో వారం సోమవారంనుంచి. అంటే ఆరు వారాలు అవుతోంది."

"ఖాయంగా తెలుసా? ప్రతి ప్రశ్నకీ చెయ్యెత్తుతోందని బడినుంచి చీటీ వచ్చిందని తల్లి చెప్పారే."

"ఆ రాసింది తప్పు. నా వల్ల జరిగిన తప్పు. ఖాయంగా తెలుసు."

"ముందు పెద్ద అక్షరాలైనా చదివేదా?"

"మొదట్లో ఓ వారం, నేను పెద్దగా రాసిన రోజున కుడి చెయ్యి ఎత్తేది, అంటే చదివేది. తరవాత అదీ లేదు." ఈ సంగతి ఆమెకి ఇంతవరకూ తట్టనే లేదు. చెబుతుండగానే తట్టింది. పిల్ల ఎంత కచ్చితంగా, ఎంత నిజాయితీగా ఎత్తిందో ఆ చేతిని!

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. డాక్టర్ ఇంకెవరితోనో ఏదో అన్నాడు. తిరిగి ఫోన్లోకి వచ్చేసరికి అతని గొంతులో తొందర లేదు. అది పోవడమే ఆమెకి భయం కలిగించింది.

"తల్లి మీ పక్కనే ఉన్నారా?"

"ఉన్నారు."

"అయితే మీరు ఊరికే వినండి, ఏమీ అనకండి. ఇక రెండు వారాలు ఆగే ప్రశ్నే లేదు. రేపు పొద్దున్నే పాపని ఆపరేషన్‌కి తీసుకుంటాను. కుడి కన్ను మీద నాకు ఆశ లేదు. ఎడమదైనా నిలబెట్టడానికి చూస్తాను. అదీ ఖాయంగా చెప్పలేను. ఆవిడని వెంటనే తీసుకురండి. ఈ మాట నేనే కూర్చోబెట్టి చెబుతాను, దారిలో మీరు చెప్పకండి. భయపడిపోతారు. అర్థమైందా?"

"అర్థమైంది" అంది చిన్న టీచర్.

ఫోన్ ఆగిపోయింది. ఆమె దాన్ని ఇంకా చెవి దగ్గరే పట్టుకుని ఉంది.

తల్లి లేచి నిలబడింది. కళ్ళు తుడుచుకుంది. చిన్న టీచర్ చెవి దగ్గరున్న ఫోన్‌ని తనే తీసుకుని, తెర ఆరిపోయి ఉండటం చూసింది. తరవాత చిన్న టీచర్ ముఖం చూసింది. ఇంత దగ్గరగా, ఇంత శ్రద్ధగా ఆవిడ ఇంతకుముందెన్నడూ చూడలేదు.

"ఏమన్నాడు?"

పెద్ద టీచర్ కూడా ఇటే చూస్తోంది.

"టీచరమ్మా, నిన్నే. నా పిల్ల గురించి ఏమన్నాడు?"

చిన్న టీచర్ నోరు తెరిచింది.